పాత్ర నిలిచే చోటు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పై తరగతుల విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో 'పాత్ర' అన్న మాటకు రెండర్థాలు ఉన్నాయి. వంటింట్లో అన్నం వండుకునేదీ పాత్రే. రంగస్థలం మీద నిలిచి మాట్లాడేదీ పాత్రే. ఈ రెండింటికీ పోలిక లేకపోలేదు. లోపల చోటు లేని పాత్రను ఎంత మేలిమి బంగారంతో చేసినా అందులో గుక్కెడు నీళ్ళు పట్టవు. ఎదుటివారి మాటకు తనలో చోటివ్వని నాటకపాత్ర కూడా అంతే. ఎంత కిరీటం పెట్టుకుని వచ్చినా రెండవ దృశ్యానికల్లా ప్రేక్షకులు ఆవులించడం మొదలుపెడతారు.

ఈనాటి ప్రసంగ విషయం విని కొందరు పెద్దలు నొసలు చిట్లించి ఉండవచ్చును. అంతర్జాలంలో వేలమంది ఒకే సమయంలో కలిసి ఆడే పాత్రధారణ క్రీడలున్నాయి. ఆడేవారు అందులో తమకొక పేరు, రూపం, వృత్తి కల్పించుకుని, ఆ వ్యక్తిగానే ఆ లోకంలో తిరుగుతారు. అట్టి పాత్రను ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలబెట్టడం ఎలాగన్నదే విషయం. బడి పండుగలో దీని ప్రసక్తి ఏమిటని అడగడం న్యాయమే. అయితే, పిల్లవాడు గది తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడని తల్లిదండ్రులు బడికి వచ్చి మొరపెట్టుకోవడం నేడు సర్వసాధారణం. ఆ తలుపు వెనుక ఏమి జరుగుతున్నదో తెలుసుకొనక ముందే తీర్పు చెప్పడం ఉపాధ్యాయ వృత్తికి తగినది కాదు. ఆటలో కొట్టుకోవడం తప్ప మరేమీ లేదని పెద్దలు అనుకుంటారు. తన పాత్రకు ఎంత బలమైన కత్తి ఉంటే అంత గొప్ప అని పిల్లలు అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు.

ఈ క్రీడల పుట్టుక అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కొందరు యువకుల యుద్ధక్రీడలలో ఉన్నది. బల్ల మీద సీసపు బొమ్మల సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి, చరిత్రలోని యుద్ధాలను మళ్ళీ ఆడుకోవడం వారి వినోదం. 1969లో డేవిడ్ వెస్లీ అనే ఆయన ఇందులో ఒక మార్పు చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణాన్ని ఊహించి, ఆటకు వచ్చినవారికి సైన్యాలను మాత్రమే గాక ఆ పట్టణంలోని మనుషులను కూడా పంచిపెట్టాడు. ఒకరు నగర పాలకుడు, ఒకరు బ్యాంకు యజమాని, ఒకరు విశ్వవిద్యాలయాధికారి. యుద్ధం ఆరంభమయ్యే లోపలే వారందరూ ఇద్దరిద్దరుగా పక్క గదులలోకి పోయి గుసగుసలాడుకోవడం, ఒకరిపై ఒకరు కుట్రలు పన్నడం మొదలుపెట్టారు. యుద్ధం కాస్తా మూలబడింది. ఆట చెడిపోయిందని వెస్లీ నొచ్చుకున్నాడు. ఆడినవారు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు. సేనాపతి పదవి కంటె ఒక ఊరి మనిషిగా ఉండడమే వారికి ఎక్కువ రుచించింది.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించాడు. నేటి పాత్రధారణ క్రీడలన్నీ ఏదో ఒక విధంగా దాని సంతానమే. అందులో పాత్రకు ఒక కాగితం ఉంటుంది. బలం, బుద్ధి, వివేకం, దార్ఢ్యం, లాఘవం, ఆకర్షణ అనే ఆరు లక్షణాలకు మూడేసి పాచికలు వేసి అంకెలు వ్రాసుకోవాలి. లెక్కల తరగతికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. అందులో 18 వచ్చేది ఒకే ఒక్క తీరు. 10 గాని 11 గాని వచ్చే తీరులు 54. అనగా ఆట నియమాలే పాత్రను సాధారణ మనిషిగా పుట్టించాయి. బలవంతునికి వివేకం కొరవడవచ్చును; వివేకవంతునికి నాలుగడుగులు వేస్తే ఆయాసం రావచ్చును. ఆ లోటును ఏం చేసుకోవాలన్నది ఆడేవారి నేర్పు. తరువాతి కాలంలో కోరుకున్న అంకెలు వ్రాసుకునే వెసులుబాటు వచ్చింది. పిల్లలు అన్ని గడులలోనూ పెద్ద అంకెలే కోరుకున్నారు. విసుగు కూడా అక్కడి నుండే మొదలైంది.

బల్ల చుట్టూ కూర్చుని ఆడిన ఆట కంప్యూటరులోకి ఎక్కిన దారులలో ఒకటి ఇంగ్లండులో మొదలైంది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న రాయ్ ట్రబ్‌షా, అనేకులు ఒకేసారి ప్రవేశించగల ఒక కల్పిత లోకాన్ని నిర్మించడం ప్రారంభించాడు. రిచర్డ్ బార్టిల్ దానిని కొనసాగించాడు. దాని పేరు 'మడ్'. అందులో బొమ్మలు లేవు, శబ్దాలు లేవు. సమస్తమూ అక్షరాలే. తెర మీద ఒక గది వర్ణన కనబడుతుంది. ఆడేవారు తాము చేయదలచినది టైపు చేస్తారు. పాత్రకు అక్కడ ముఖం లేదు, మాట తప్ప. భాష మీద పట్టున్నవాడే అక్కడ అందగాడు. ఈ సంగతి భాషోపాధ్యాయులకు కొంత సంతోషం కలిగించక మానదు.

ఇట్టి లోకాలకు వచ్చేవారు ఏ కోరికతో వస్తారో బార్టిల్ 1996లో ఒక వ్యాసంలో వివరించి, వారిని పేకముక్కల గుర్తులతో నాలుగు తెగలుగా విభజించాడు. సంపదను, స్థాయిని కూడబెట్టేవారు డైమండ్లు. తెలియని చోట్లు త్రవ్వి తెలుసుకోగోరేవారు స్పేడులు. మనుషుల కోసం వచ్చేవారు హృదయాలు. ఇతరులను బాధించి ఆనందించేవారు క్లబ్బులు. ఈ విభజనను శాస్త్రంగా కాక అనుభవజ్ఞుని పరిశీలనగా తీసుకోవడం మేలు. అయినా ఒక సంగతి దీని వలన బోధపడుతుంది. కూడబెట్టినదానికి హద్దు ఉంటుంది. లోకంలోని మూలలన్నీ ఒకనాటికి తిరగడం పూర్తవుతుంది. మనుషుల కోసం వచ్చినవారికి మాత్రం చూడవలసినది మిగిలే ఉంటుంది.

బలమే పాత్రకు ఆయువు కాదనడానికి 1997లో జరిగిన ఒక వింత చెప్పుకోవాలి. 'అల్టిమా' అనే ఆటల సృష్టికర్త రిచర్డ్ గారియట్, తన ఆటలలో తానే 'లార్డ్ బ్రిటిష్' అనే రాజుగా కనబడేవాడు. ఆ రాజుకు చావు లేకుండా ఏర్పాటు ఉండేది. 'అల్టిమా ఆన్‌లైన్' విడుదలకు ముందు, ఆగస్టు నెలలో, పరీక్ష కోసం ఎందరో ఆటగాళ్ళను ఒకేసారి రప్పించి, రాజుగారు దర్శనమివ్వడానికి విచ్చేశారు. మధ్యలో యంత్రం ఆగిపోయి మళ్ళీ నడిచినప్పుడు ఆ అమరత్వపు మీటను తిరిగి నొక్కడం మరచిపోయారు. రెయిన్జ్ అనే పేరుతో ఆడుతున్న ఒక ఆటగాడు దొంగిలించిన మంత్రపత్రంతో అగ్నిని ప్రయోగించాడు. రాజు అక్కడికక్కడే కూలాడు. 1981 నాటి మొదటి అల్టిమా నుండి ఉన్న ఆ రాజు చేసిన పరిపాలనా విశేషాలు నేడు ఎందరికి జ్ఞాపకం? ఆయన పేరు చెప్పగానే అందరూ తలచుకునేది ఆయన చనిపోయిన ఆ ఒక్క క్షణాన్నే.

2005లో మరొకటి. పాతాళ గృహంలో ప్రవేశించడానికి ఒక బృందం గంభీరంగా వ్యూహరచన చేస్తుండగా, అందులో ఒకడు తన పేరునే 'లీరాయ్ జెంకిన్స్' అని పెద్దగా అరుచుకుంటూ లోపలికి దూకి, అందరి ప్రాణాలూ తీశాడు. ఆ చలనచిత్రం లోకమంతా తిరిగింది. అది ముందుగా అనుకుని చేసిన అభినయమని తరువాత వెల్లడైనా ఆ పేరు చెరగలేదు. అతని దగ్గర ఏ ఆయుధముండెనో ఎవరికీ పట్టలేదు. ఆ పేరు వినగానే మాత్రం అతడు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. ఇది హాస్యపాత్ర. హాస్యపాత్రకు ఒక అరుపు చాలు. ప్రతిదినమూ తోటివారితో కూర్చుని మాట్లాడవలసిన పాత్రకు అది చాలదు.

అట్టి పాత్రను ఎలా కల్పించాలి? పదవ తరగతి విద్యార్థి చేతికి కాగితమిచ్చి వ్రాయమంటే ఏమి వ్రాస్తాడో చెప్పడం కష్టం కాదు. 'తల్లిదండ్రులను రాక్షసులు చంపారు. ఊరంతా తగలబడింది. తానొక్కడే మిగిలాడు. ఎవరినీ నమ్మడు. ఎవరితోనూ మాట్లాడడు. రెండు కత్తులతో పోరాడతాడు.' ఇది చదివితే గొప్పగానే ఉంటుంది. కాని ఇతడిని సంతలో కలిసిన తోటి ఆటగాడు ఏమని పలకరించాలి? చుట్టాలు లేరు, ఊరు లేదు, అవసరం లేదు, మాట లేదు. జరగవలసిన కథంతా ఆట మొదలవకముందే జరిగిపోయింది. మూత బిగించిన పాత్ర ఇది.

దీని పక్కన మరొకరిని ఊహించవచ్చును. రేవు పట్టణంలో ఓడల సరుకుల లెక్కలు వ్రాసే గుమాస్తా. నీళ్ళంటే భయం, జీవితమంతా రేవులో గడిపినా ఓడ ఎక్కలేదు. తమ్ముడు చేసిన అప్పు తన మెడకు చుట్టుకున్నది. దస్తూరి చక్కగా ఉంటుంది. కాబట్టి ఊరివారి ఉత్తరాలు వ్రాసిపెడతాడు, పనిలో పనిగా వారి రహస్యాలూ తెలుసుకుంటాడు. ఇతనికి కత్తి పట్టడం రాదు. అయితేనేమి? ఉత్తరం వ్రాయించుకోవడానికి ఒకరు వస్తారు. అప్పు వసూలు చేయడానికి ఒకరు వస్తారు. ఓడ ఎక్కించి చూద్దామని ఒకరు పందెం కాస్తారు. పుస్తకం మూసే లోపల పదిమందికి అతనితో పని పడుతుంది. ఏదో ఒక సాయంకాలం, మూడు నెలల తరువాత, అతడు ఒక మిత్రుని కోసం వణుకుతూ పడవలో కాలు పెడతాడు. ఆ కాలు పెట్టడం చూసినవారు దానిని మరచిపోరు. భయం అని ముందే వ్రాసుకున్నాడు గనుక ఆ అడుగుకు విలువ వచ్చింది.

లోపం ఉండాలన్నప్పుడు పిల్లలు కొందరు లోపాన్ని కూడా అలంకారంగా పెట్టుకుంటారు. 'అతిగా ధైర్యవంతుడు', 'మరీ సత్యసంధుడు' అని వ్రాస్తారు. అవి లోపాలు కావు, పొగడ్తలు. ఆ లక్షణం వలన ఏదో ఒకనాడు తన పాత్ర నలుగురిలో తలవంచుకోవలసి వస్తేనే అది లోపమనిపించుకుంటుంది.

భామాకలాపంలో సత్యభామ తెర వెనుక ఉండగానే తన జడను తెర మీద వేస్తుంది. ముఖం కనబడదు, ప్రేక్షకులకు మాత్రం ఆ జడతోనే ఆమె గర్వం, సౌందర్యం, సవాలు అన్నీ తెలిసిపోతాయి. తరువాతనే ప్రవేశ దరువు, తానెవరో చెప్పుకోవడం. పాత్రను చిరకాలం నిలపగోరే ఆటగాడికి ఇట్టి జడ ఒకటి కావాలి. చిన్న అలవాటు చాలు. గుమాస్తా మాట్లాడేముందు కలం చెవి మీద పెట్టుకోవడం కావచ్చును. తోటివారికి అతడు లేనప్పుడు గుర్తుకు వచ్చేది అదే. ఆ అలవాటు పది కాదు, ఒక్కటే ఉండాలి. ఉన్నది తప్పకుండా ఉండాలి.

ఈ ఆటలలో వాడే వాక్యాల మర్యాద కూడా కొంత చెప్పవలసి ఉన్నది. పాత్ర చేసే పనిని ఆటగాడు ప్రథమ పురుషలో వ్రాస్తాడు. 'అతడు కుర్చీ జరిపి కూర్చున్నాడు' అని తెర మీద పడుతుంది. కథ చెప్పే భాష ఇది. ఆడేవారందరూ ఒకే కథను వంతులవారీగా వ్రాస్తున్నారన్నమాట. 'అతడు కత్తి విసిరాడు, ఎదుటివాని మెడ తెగింది' అని వ్రాయడం అక్కడ పరమ అమర్యాద. మెడ ఎదుటివానిది, తెగినదో తప్పినదో అతడే వ్రాయాలి. 'మెడ వైపు కత్తి విసిరాడు' అని ఆపాలి. ఆ ఆపడంలోనే అవతలివారికి చోటు దొరుకుతుంది. అదే విధంగా, ఆడే మనిషికి తెలిసినదంతా పాత్రకు తెలియకూడదు. పక్క గదిలో జరిగిన కుట్ర తెర మీద కంటబడినా గుమాస్తాకు అది తెలియదు. తెలిసీ తెలియనట్లుండడం నటులకే కష్టం. పదునాలుగేళ్ళవారు దానిని నేర్చుకుంటున్నారంటే సంతోషించవలసినదే.

ఇంతవరకు చెప్పినవి మెళకువలు. ఇవన్నీ ఒక చోట కూడిన జీవితం ఒకటి నార్వే దేశంలో గడిచింది. అది ఆటల ప్రపంచం దాటి లోకానికి తెలిసింది.

మాట్స్ స్టీన్ 1989లో జన్మించాడు. డుషేన్ అనే కండరాల క్షీణవ్యాధి పుట్టుకతోనే అతనికి ఉన్నది. ఈ వ్యాధిలో కండరాలు ఏడాదికేడాది శక్తి కోల్పోతాయి. నడవగలిగిన బిడ్డ చక్రాల కుర్చీలోకి మారతాడు, తరువాత చేతులు, ఆ తరువాత శ్వాస. ఓస్లోలో తల్లిదండ్రుల ఇంటిని ఆనుకుని ఉన్న తన నివాసంలో అతడు కంప్యూటరు ముందు గడిపేవాడు. చివరికి వ్రేళ్ళ కొద్దిపాటి కదలికతో ప్రత్యేక సాధనాల సహాయంతో ఆడేవాడు. జీవితపు చివరి పదేళ్ళలో అతడు ఆటలో గడిపిన కాలం 15,000 నుండి 20,000 గంటలు. తల్లిదండ్రులు ప్రేమగలవారు. అయినా వారి దృష్టిలో అది ఒంటరితనం. స్నేహం, ప్రేమ, పరులకు ఉపయోగపడడం అనేవి తెలియకుండానే కుమారుడు వెళ్ళిపోతాడన్నది వారి దుఃఖం. రాత్రి వేళకు నిద్రపోక ఆ తెర ముందు ఏమున్నదని వారు వాపోయేవారు. ఈ సభలోని తల్లిదండ్రులకు ఆ మాట కొత్త కాదు.

2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటలో అతని పాత్ర పేరు ఇబెలిన్ రెడ్‌మూర్. అపరాధ పరిశోధకుడు, కులీనుడు, స్త్రీల మనసు దోచుకోవాలని చూసే సరదా మనిషి, బలిష్ఠుడు. స్టార్‌లైట్ అనే చిన్న బృందంలో అతడు సభ్యుడు. పాత్రధారణకు ప్రాధాన్యమిచ్చే బృందమది. అందులో చేరడానికి సిఫారసు, కొంత పరీక్షాకాలం ఉండేవి. ఇబెలిన్‌కు ఒక జడ ఉన్నది. ఆటలోకి రాగానే మొదట పరుగెత్తేవాడు. ఊరు దాటి, అడవులు దాటి, కొండల పక్కగా సుమారు అరగంట పరుగు. ఎవరైనా తోడు వస్తే పరుగెడుతూనే మాట్లాడేవాడు. పరుగెత్తే ఆ మనిషి వెనుక చక్రాల కుర్చీ ఉన్నదని బృందంలో ఎవరికీ తెలియదు.

అపరాధ పరిశోధకుని వృత్తిని ఎన్నుకోవడంలో అతని నేర్పు గమనించదగినది. పరిశోధకునికి ప్రశ్నలు వేసే పని ఉంటుంది. ప్రశ్నలు వేసేవాడు వినాలి. ఇబెలిన్ వినేవాడు. హాలండుకు చెందిన ఒక బాలికను, చదువు దెబ్బతింటున్నదని తల్లిదండ్రులు ఆటకు దూరం చేశారు. మాట్స్ వారికి ఒక ఉత్తరం వ్రాశాడు. ఆ తల్లిదండ్రులు చేసినదానిని ఏ ఉపాధ్యాయురాలూ తప్పుపట్టదు. ఆ ఉత్తరాన్ని తిరస్కరించగల ఉపాధ్యాయురాలు కూడా అరుదుగానే ఉంటుంది. డెన్మార్కులో ఒక తల్లి, స్పర్శనూ పలకరింపునూ సులభంగా స్వీకరించలేని కుమారునికి ఎలా దగ్గర కావాలో తెలియక కుములుతుంటే, ఇద్దరూ ఆటలోనే కలుసుకోవచ్చును గదా అని సలహా ఇచ్చాడు. ఆ కొడుకు తల్లిని మొదట ఆటలో కౌగిలించుకున్నాడు. ఈ పనులేవీ పాత్ర కాగితం మీద వ్రాసినవి కావు. వాటిని వ్రాయడానికి అందులో గడి కూడా లేదు.

మాట్స్‌ను దేవుణ్ణి చేయడం అతనికి అపచారమే అవుతుంది. తన వ్యాధిని చిరకాలం దాచాడు. కలుద్దామన్నప్పుడు తప్పించుకున్నాడు, ముఖం చూపమన్నప్పుడు సాకులు చెప్పాడు. శరీరం మరింత కుంగిపోతున్న కాలంలో ఇబెలిన్ మాటలు కరుకెక్కాయి. అసూయతో, కోపంతో కొందరిని నొప్పించాడు. బృందంవారు నిలదీశారు. చివరి సంవత్సరాలలో తన స్థితి గురించి వ్రాసుకోవడం ప్రారంభించి, కొందరికి ఆ వ్రాతలను చూపాడు. క్షమాపణ చెప్పుకున్నాడు. వారు దగ్గరకు తీసుకున్నారు. పాత్రకు వేసుకున్న ముసుగుకూ మనిషి చెప్పే అబద్ధానికీ మధ్య గీత ఎక్కడున్నదన్న ప్రశ్న ఇక్కడ రాకపోదు. తన వయసు, పేరు, ఊరు దాచుకోమని పిల్లలకు చెప్పడం పెద్దల ధర్మం, అది రక్షణ. ఆ రక్షణ కవచం లోపల ఉన్నవాడు తనతో ఏళ్ళ తరబడి కష్టసుఖాలు పంచుకున్నవారిని నమ్మలేకపోతే, దానివలన అతనికి కలిగే బాధ వేరు. మాట్స్ ఆ రెండింటినీ అనుభవించాడు. పదిమందికి అతడిపై గౌరవం పెరిగినది కవచం తీసిన తరువాతనే.

2014 నవంబరు 18న, 25 ఏళ్ళ వయసులో మాట్స్ మరణించాడు. అతని వ్రాతలున్న పుటను తెరిచే సంకేతపదం తండ్రికి తెలిసే ఏర్పాటు అతడే చేసిపోయాడు. తండ్రి అందులో మరణవార్త వ్రాసి, ఎవరైనా మాట్లాడదలిస్తే తనకు వ్రాయమని చిరునామా ఇచ్చాడు. ఎవరు వ్రాస్తారన్న ఆశ ఆయనకు లేదు. ఉత్తరాలు రాసాగాయి. ఒకటి, రెండు, తరువాత వరుసగా. తమ కుమారుడు తమకేమి చేశాడో ఆ దంపతులు ఎన్నడూ చూడని మనుషులు వివరంగా వ్రాశారు. అంత్యక్రియల నాడు హాలండు, డెన్మార్కు, ఫిన్లండు, ఇంగ్లండుల నుండి ఆటలోని మిత్రులు వచ్చి నిలబడ్డారు. అంతవరకు ఒకరి ముఖం ఒకరు చూడనివారు అందులో ఉన్నారు. కుమారుడు అంతకాలం గడిపిన ఆ లోకం పట్ల తాము మరింత ఆసక్తి చూపి ఉండవలసిందని తండ్రి తరువాత విచారించాడు.

బృందంవారు తమ ఆటలోని సంభాషణలను, పాత్రల చేష్టలను నమోదు చేసి భద్రపరచుకునేవారు. ఆ వ్రాతలు సుమారు 42,000 పుటలు. బెంజమిన్ రీ అనే నార్వే దర్శకుడు వాటి ఆధారంగా, ఇబెలిన్ ఆడిన మాటలను ఆడినట్లే తెర మీదికి తెచ్చి 'ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్' అనే చిత్రం తీశాడు. 2024 జనవరిలో అమెరికాలోని సండాన్స్ ఉత్సవంలో అది దర్శకత్వానికీ, ప్రేక్షకుల మెప్పుకూ బహుమతులు పొందింది. ఆ పుటలలో తన వంతు వ్రాసిన మాట్స్ చేతులకు కదలిక ఎంత స్వల్పమో తలచుకుంటే, చేతివ్రాతకు ఒక పుట అదనంగా ఇస్తేనే నిట్టూర్చే తరగతి గది గుర్తుకు వస్తుంది. ఈ మాట విద్యార్థులను నవ్వించడానికే గాని నిందించడానికి కాదు.

ఇక్కడి పిల్లలకు సంబంధించిన సంగతి మరొకటి ఉన్నది. ఇంటిలో తెలుగు, వీధిలో ఆ రాష్ట్రపు భాష, పుస్తకంలో ఇంగ్లీషు అని మూడింటి మధ్య పెరిగే బాలబాలికలు, ఆటలో పాత్ర కల్పించుకోగానే దానికి విదేశీ ప్రభువు పేరు పెట్టి, తమకు తెలియని మంచు కోటలో పుట్టిస్తారు. తప్పేమీ లేదు. కాని తమకు బాగుగా తెలిసినదానిని అక్కడికి తీసుకుపోవడానికి అడ్డేమున్నది? సరిహద్దు ఊరిలో రెండు భాషల మధ్య బేరం కుదిర్చే దుబాసీ, చెరువు గట్టు మీద నీటి వంతులు చూసే పెద్దమ్మ, నలుగురి మధ్య మాట మోసే మనిషి. ఏ కల్పిత లోకంలోనైనా రెండు జాతులవారు ఎదురుపడే సంత ఒకటి ఉంటుంది. అక్కడ దుబాసీకి పని లేకుండా పోదు. ఇట్టి మనుషులను వెదకడానికి ఈ పిల్లలు గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఇంటిలోని తాతమ్మలను ఒక సాయంకాలం కూర్చోబెట్టి అడిగితే చాలును.

గంటల లెక్క గురించి తల్లిదండ్రులు అడగబోయే ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పవలసి ఉన్నది. ఆటస్థలం అందుబాటులో ఉండి, కాళ్ళు చేతులు సక్రమంగా ఆడుతున్న పిల్లవానికి మాట్స్ గంటలు ఆదర్శం కావు. అతనికి వేరే దారి లేదు, వీరికి ఉన్నది. పరీక్షల ముందు తెర కట్టివేయమనడం ఇకముందు కూడా జరుగుతుంది. అయితే కట్టివేయించే ముందు, 'ఆటలో నీ పేరేమిటి? ఏమి పని చేస్తావు? నీకోసం అక్కడ ఎవరైనా ఎదురుచూస్తారా?' అని ఒకమారు అడిగి చూడవలెను. 'నా దగ్గర ఫలానా కత్తి ఉన్నది' అని మాత్రమే జవాబు వస్తే కొంత ఆలోచించవలసినదే. అవతల ఎవరో కష్టంలో ఉన్నారని, వారికి ఈ రాత్రి ఒక మాట చెప్పవలసి ఉన్నదని జవాబు వస్తే, ఆ మాట చెప్పి రమ్మని పది నిమిషాలు ఎక్కువ ఇవ్వడంలో నష్టం లేదు.

స్టార్‌లైట్ బృందంవారు మాట్స్ పోయిన తరువాత కూడా ఇబెలిన్‌ను స్మరించుకోవడానికి ఆటలో ఒక చోట చేరుతూ వచ్చారు. ఆ సమయానికి వారు వేర్వేరు దేశాలలో, వేర్వేరు గదులలో కూర్చుని ఉంటారు. తెర మీద మాత్రం వారి పాత్రలన్నీ ఒకే గడ్డి మైదానంలో నిలబడతాయి. అతనికి పరుగు ఇష్టమన్న సంగతి వారికి తెలుసు.